వెళ్లొస్తానని చెప్పి వెళ్లేవాడు: రోల్డ్ అముండ్సెన్



సాయంత్రం స్కూల్ బస్సు రోజూ వచ్చే వేళకి పది నిమిషాలు దాటితే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. అమ్మ బాల్కనీలోకి వస్తుంది. నాన్న ఆఫీసులో కూర్చునే ఫోన్‌లో బస్సు ఎక్కడుందో చూస్తాడు. నాయనమ్మ మెల్లగా గేటు దాకా నడుస్తుంది. బస్సు ఫలానా స్టాపు దాటిందని మెసేజ్ రాగానే అందరి ప్రాణం కుదుటపడుతుంది. నిజానికి బిడ్డ అప్పటికింకా ఇంటికి చేరలేదు. ఎక్కడున్నాడో తెలిసింది, అంతే. ఆ చిన్న కబురే అంత ధైర్యం ఇస్తుంది.

ఇక ఒక విమానం సంగతి ఆలోచించండి. కింద వేల కిలోమీటర్ల మేర మంచు. ఊరు లేదు, దీపం లేదు, రాడార్ అందదు. అమెరికా నుంచి మన దేశానికి వచ్చే విమానాలు కొన్ని ఇప్పుడు ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా వస్తున్నాయి. 2021 జనవరిలో పైలట్లందరూ మహిళలే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఆ దారినే వచ్చింది. అలాంటి విమానం బయలుదేరే ముందే తన దారి మొత్తం రాసి ఇస్తుంది. దారిలో నిర్ణయించిన ప్రతి చోటా తాను ఎక్కడున్నదీ, తర్వాతి చోటికి ఎన్ని గంటలకు చేరేదీ నేల మీది వారికి తెలియజేస్తుంది. ఆ కబురు వేళకు రాకపోతే వెతుకులాట మొదలవుతుంది.

ఈ పద్ధతి ఎంత విలువైనదో తెలియాలంటే ఒక మనిషి జీవితం చూడాలి. ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండింటినీ చూసిన నార్వే యాత్రికుడు రోల్డ్ అముండ్సెన్ గురించే ఈ నెల చెప్పుకుందాం. మన పిల్లల పాఠాల్లో ఆయన పేరు ఒక్క వాక్యంలో వస్తుంది: దక్షిణ ధ్రువాన్ని మొదట చేరినవాడు అని. ఆ వాక్యం వెనకా, దాని తర్వాతా ఉన్న కథ అంతకంటే పెద్దది.

మాయమైన ఓడల కథ చదివిన కుర్రాడు

అముండ్సెన్ 1872 జులై 16న నార్వేలోని బోర్గె అనే చోట పుట్టాడు. వాళ్లది ఓడల కుటుంబం. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. పద్నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఈ ఒక్క కొడుకైనా సముద్రం జోలికి పోకుండా డాక్టర్ కావాలని తల్లి ఆశ. ఆమె మాట కాదనలేక వైద్య విద్యలో చేరాడు.

కానీ మనసు వేరే చోట ఉంది. పదిహేనేళ్లప్పుడు బ్రిటిష్ నావికుడు సర్ జాన్ ఫ్రాంక్లిన్ రాసిన యాత్రా కథనాలు చదివాడు. ఆ ఫ్రాంక్లిన్ 1845లో రెండు ఓడలతో, 129 మందితో ఉత్తర అమెరికా పైనున్న మంచు సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఏళ్ల తరబడి ఎన్నో ఓడలు వెతికాయి. వాళ్లకు ఏమైందో చెప్పే కాగితం ఒక్కటి, అదీ 1859లో, ఒక రాళ్ల కుప్పలో దొరికింది. ఆ ఓడలు రెండూ సముద్రం అడుగున కనిపించింది మొన్న మొన్న, 2014లోనూ 2016లోనూ.

ఈ కథ చదివిన వాళ్లకు భయం వేయాలి. రోల్డ్‌కి మాత్రం అక్కడికే వెళ్లాలనిపించింది. చలికి ఒళ్లు అలవాటు పడాలని నార్వే శీతాకాలంలో కిటికీలు తెరిచి పడుకునేవాడు. ఇరవై ఒకటో ఏట తల్లి మరణించాక వైద్య విద్య మానేసి సముద్రం దారి పట్టాడు.

మంచు నేర్పిన తొలి పాఠం

1896 శీతాకాలంలో అన్న లియాన్‌తో కలిసి హార్డంగర్‌విడ్డా అనే పీఠభూమిని స్కీల మీద దాటబోయాడు. చిన్న ప్రయాణమే కదా అనుకుని తిండి కొంచెమే తీసుకెళ్లారు. మంచు తుపాను వచ్చింది. దారి తప్పారు. ఒక రాత్రి మంచులో గుంత చేసుకుని పడుకుంటే, పైన పడిన మంచు గడ్డకట్టి రోల్డ్ కదలలేని స్థితిలో చిక్కుకుపోయాడు. అన్న తవ్వి బయటికి తీశాడు. పక్కన మనిషి లేకపోతే ఆ రోజే కథ ముగిసేది.

ఆ తర్వాత బెల్జికా అనే ఓడలో అంటార్కిటికాకు వెళ్లాడు. ఆ ఓడ 1898లో మంచులో ఇరుక్కుని ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయింది. నావికులకు స్కర్వీ జబ్బు పట్టుకుంది. ఓడ డాక్టర్ ఫ్రెడరిక్ కుక్ తాజా సీల్, పెంగ్విన్ మాంసం తినిపించి చాలామందిని నిలబెట్టాడు. ధైర్యం ఒక్కటే మనిషిని బతికించదని, ముందుచూపు ఉండాలని అముండ్సెన్ అక్కడ చూశాడు. అప్పటి నుంచి ఆయన ప్రయాణాల్లో లెక్కలు మారాయి. ఏది ఎంత కావాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఆలస్యమైతే ఏం చేయాలి అన్నవి ముందే కూర్చుని తేల్చుకునేవాడు.

తంతి కోసం 800 కిలోమీటర్లు

1903 జూన్‌లో యోవా అనే 47 టన్నుల చిన్న ఓడలో, ఆరుగురు తోడుగా ఫ్రాంక్లిన్ పోయిన ఆ సముద్రంలోకే బయలుదేరాడు. అప్పులవాళ్లు ఓడను ఆపేస్తారన్న భయంతో రాత్రివేళ వెళ్లాల్సి వచ్చింది. కెనడాకు ఉత్తరాన ఒక తీరంలో దాదాపు రెండేళ్లు ఉన్నాడు. అక్కడి నెట్సిలిక్ ప్రజల దగ్గర తోలు దుస్తులు ఎలా వేసుకోవాలో, కుక్కల బండి ఎలా నడపాలో శిష్యుడిలా నేర్చుకున్నాడు. చదువుకున్న దేశాల యాత్రికులు చాలామంది ఆ ప్రజల దగ్గర నేర్చుకోవడానికి నామోషీ పడిన కాలం అది.

అక్కడే ఇంకో పనీ చేశాడు. దిక్సూచి ముల్లు చూపించే అయస్కాంత ఉత్తర ధ్రువం ఎక్కడుందో కొలిచాడు. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ గుర్తించిన చోట అది లేదు, జరిగింది. ఈ సంగతి తర్వాత ఆకాశంలో ఎగిరేవాళ్లకు చాలా ముఖ్యమైంది. ఆ ప్రాంతంలో దిక్సూచిని నమ్ముకుంటే దారి తప్పుతారు.

1905లో కష్టమైన సముద్ర భాగమంతా దాటేశారు. అయితే అలాస్కా వైపు తీరంలో మంచు మళ్లీ ఓడను ఆపేసింది. విజయం చేతిలో ఉంది, లోకానికి మాత్రం తెలియదు. మూడో శీతాకాలం వచ్చేసింది. ఏడుగురూ బతికే ఉన్నారని ఇంటివాళ్లకు తెలియదు. అముండ్సెన్ కుక్కల బండి కట్టుకుని, మంచు కొండలు దాటి, సుమారు 800 కిలోమీటర్లు ప్రయాణించి 1905 డిసెంబర్ 5న అలాస్కాలోని ఈగిల్ అనే చిన్న ఊరికి చేరాడు. అక్కడ తంతి కార్యాలయం ఉంది. నార్వేలోని నాన్సెన్‌కు తంతి పంపాడు. తర్వాత మళ్లీ అంత దూరమూ వెనక్కి, ఓడ దగ్గరికి వెళ్లాడు.

తాము ఎక్కడున్నామో చెప్పడానికి రానూపోనూ 1600 కిలోమీటర్లు. ఈ రోజు మన పిల్లలకు ఫోన్ తీసి చేరాను అని ఒక్క మాట పెట్టడం బరువైన పనిలా అనిపించినప్పుడు ఈ ప్రయాణం గుర్తు చేయవచ్చు.

నూట యాభై మంచు దిమ్మెలు

1911లో దక్షిణ ధ్రువానికి చేసిన యాత్ర ఆయన ప్రణాళికా శక్తికి పెద్ద పరీక్ష. ధ్రువానికి బయలుదేరడానికి నెలల ముందే దారిలో 80, 81, 82 అక్షాంశాల దగ్గర తిండి నిల్వలు దాచిపెట్టారు. తిరుగు దారిలో మంచు తుపానులో ఆ నిల్వ కనిపించకపోతే చావే. అందుకని ఒక నిల్వకు అటూ ఇటూ అడ్డంగా వరుసగా జెండాలు పాతారు. ఒక్కో జెండా మీద ఒక అంకె. దారి కాస్త తప్పి వచ్చినా ఏదో ఒక జెండా కంటపడుతుంది. దాని మీది అంకె చూస్తే నిల్వ ఏ వైపున ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

1911 అక్టోబర్ 19న అయిదుగురు మనుషులు, 52 కుక్కలు, నాలుగు స్లెడ్జి బండ్లు బయలుదేరాయి. వెళ్లే దారి పొడవునా మనిషి ఎత్తున మంచు దిమ్మెలు కట్టుకుంటూ పోయారు. అలాంటివి 150. ప్రతి దిమ్మెలోనూ ఒక కాగితం పెట్టారు. ఆ దిమ్మె నంబరు, అది ఉన్న చోటు, తర్వాతి దిమ్మె ఏ దిక్కున ఎంత దూరంలో ఉంది అన్నవి అందులో రాశారు. గమనించండి, ఈ రోజు ధ్రువాల మీదుగా వెళ్లే విమానం పంపే కబురులో ఉండేవి దాదాపు ఇవే.

డిసెంబర్ 14న ధ్రువానికి చేరారు. చేరామని చెప్పుకుంటే చాలదు, అది ధ్రువమేనని తేలాలి. సూర్యుడి ఎత్తును గంట గంటకూ కొలిచారు. కొలతలో తప్పు ఉన్నా ధ్రువం తమ గీతల లోపలే ఉండాలని ముగ్గురు మూడు దిక్కులకు స్కీల మీద వెళ్లి గుర్తులు పాతి వచ్చారు. చివరికి ఒక చిన్న గుడారం వేసి, అందులో నార్వే రాజుకు ఉత్తరం ఉంచారు. వెనక వస్తున్న బ్రిటిష్ నాయకుడు కెప్టెన్ స్కాట్ దాన్ని చేరవేయాలని కోరుతూ మరో చీటీ పెట్టారు. తాము తిరుగు దారిలో చనిపోతే, సాధించినది తమతో పోకూడదు కదా.

అముండ్సెన్ బృందం 99 రోజుల ప్రయాణం ముగించి 1912 జనవరి 25న క్షేమంగా స్థావరానికి తిరిగి వచ్చింది. తిరిగి రానిది స్కాట్ బృందమే. ఆ ఉత్తరం వాళ్ల చివరి గుడారంలో దొరికింది. గెలిచినవాడు రాసిపెట్టిన ఆ కాగితాన్ని ఓడినవాడు నిజాయితీగా మోసుకొచ్చాడు. అముండ్సెన్ ధ్రువం చేరాడనడానికి అదే సాక్ష్యమైంది.

ఆయన లోపాలు

మహనీయుల జీవితాలు పిల్లలకు చెప్పేటప్పుడు మచ్చలు దాచడం మనకు అలవాటు. ఇక్కడ దాచనక్కర్లేదు. ఆయన బలహీనతలు కూడా ఇదే విషయానికి సంబంధించినవి.

ఆయన మొదట వెళ్లాల్సింది ఉత్తర ధ్రువానికి. 1909లో కుక్, పియరీ అనే ఇద్దరు తాము అక్కడికి చేరామని వేర్వేరుగా ప్రకటించేసరికి, రహస్యంగా దక్షిణానికి దారి మార్చాడు. డబ్బు ఇచ్చినవాళ్లకు చెప్పలేదు. ఓడ ఇచ్చిన నాన్సెన్‌కు చెప్పలేదు. తన వెంట వచ్చినవాళ్లలో చాలామందికి సముద్రం మధ్య మదీరా దీవి దగ్గర, 1910 సెప్టెంబర్‌లో తెలిసింది. స్కాట్‌కు తంతి వెళ్లింది ఆ తర్వాతే. యాత్ర విజయవంతమైంది కానీ ఆ దాపరికం మచ్చ ఆయన్ను బతికినంత కాలం వదలలేదు.

ఇంకొకటి. 1911 సెప్టెంబర్‌లో తొందరపడి ఒకసారి ముందే బయలుదేరాడు. భరించలేని చలికి వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆ తిరుగు ప్రయాణంలో నాయకుడు వేగంగా ముందుకు వెళ్లిపోయాడు. వెనకబడిన ఒక సహచరుణ్ణి యోహాన్సెన్ అనే అనుభవజ్ఞుడు కాపాడి తెచ్చాడు. నాయకుడు అలా చేయవచ్చా అని అతను అందరి ముందూ నిలదీశాడు. అముండ్సెన్ సహించలేక అతన్ని ధ్రువ యాత్ర నుంచి తప్పించాడు. వెనకవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవడం కూడా ప్రణాళికలో భాగమేనని ఆయన ఆ రోజు మరిచిపోయాడు.

రేడియో లేని విమానాలు

మంచు మీద కుక్కల బండి కాలం పోతోందని, రాబోయేది విమానమేనని ముందే పసిగట్టినవాళ్లలో అముండ్సెన్ ఒకడు. 1914లో, నలభై దాటాక, విమానం నడపడం నేర్చుకుని నార్వేలో తొలి పౌర పైలట్ లైసెన్సు తీసుకున్నాడు. తర్వాతి పదేళ్లు కష్టకాలం. విమానం కొంటే పరీక్షలోనే దెబ్బతింది. 1924లో దివాలా తీశాడు. అన్న లియాన్‌తో డబ్బు గొడవలు వచ్చాయి. ఆ దశలో అమెరికా ధనిక కుటుంబానికి చెందిన లింకన్ ఎల్స్‌వర్త్ చేయి కలిపాడు.

1925 మే 21న స్వాల్బార్డ్ దీవుల్లోని కింగ్స్ బే నుంచి ఎన్24, ఎన్25 అనే రెండు విమానాల్లో ఆరుగురు ఉత్తర ధ్రువం వైపు ఎగిరారు. రెండింటిలోనూ రేడియో లేదు. గాలిలోకి లేచాక వాళ్లు ఎక్కడున్నదీ లోకంలో ఎవరికీ తెలిసే దారి లేదు.

అక్కడ దారి కనుక్కోవడం ఎంత కష్టమో పిల్లలకు ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. విమానం ఎనిమిది గంటలు నేరుగా ఉత్తరానికి ఎగురుతోందనుకుందాం. పక్క నుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తోంది. పైలట్‌కు అది తెలియదు. ఎనిమిది గంటలకు విమానం 160 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. కింద గుర్తుపట్టడానికి కొండ లేదు, ఊరు లేదు. దిక్సూచి నమ్మదగినది కాదు. సూర్యుడే దిక్కు.

ఎనిమిది గంటల తర్వాత సగం ఇంధనం అయిపోయింది. తామెక్కడున్నదీ తేల్చుకోవడానికి మంచు మధ్యనున్న నీటి చీలికల్లో దిగారు. కొలిచి చూస్తే ధ్రువానికి ఇంకా 250 కిలోమీటర్ల దూరంలో, పడమటికి జరిగి ఉన్నారు. రెండు విమానాలూ ఒకదానికొకటి దూరంగా దిగడంతో రెండు జట్లూ కలుసుకోవడానికే రోజులు పట్టింది. ఒక విమానం పాడైంది. రోజుకు గుప్పెడు తిండితో, మూడు వారాలకు పైగా మంచును చెక్కి, తొక్కి రన్‌వే తయారు చేశారు. జూన్ 15న ఆరుగురూ ఒకే విమానంలో ఇరుక్కుని పైకి లేచారు. స్వాల్బార్డ్ ఉత్తర తీరంలో దిగితే, అటుగా వచ్చిన ఒక వేట ఓడ వాళ్లను ఎక్కించుకుంది. అప్పటికి లోకం ఆశ వదిలేసుకుంటోంది.

ధ్రువం నుంచి వచ్చిన కబురు

మరుసటి ఏడాది ఆ తప్పు దిద్దుకున్నారు. ఇటలీ ఇంజినీర్ ఉంబర్టో నోబిలే తయారుచేసి నడిపిన నోర్జె అనే వాయునౌకలో రేడియో, దాన్ని చూసుకునే మనుషులు, వాతావరణ శాస్త్రవేత్త అందరూ ఉన్నారు. 1926 మే 11న పదహారు మంది కింగ్స్ బే నుంచి బయలుదేరారు. దారిలో వాతావరణ సమాచారం అందుకుంటూ, తమ కబురు పంపుతూ సాగారు. మే 12న ఉత్తర ధ్రువం మీదికి చేరి అక్కడి నుంచే రేడియోలో ఆ సంగతి తెలియజేశారు.

ఆ తర్వాత యాంటెన్నా మీద మంచు పేరుకుని రేడియో మూగబోయింది. మళ్లీ లోకం ఊపిరి బిగబట్టింది. మూడు రోజుల ప్రయాణం తర్వాత మే 14న అలాస్కాలోని టెల్లర్ అనే పల్లెలో వాయునౌక దిగింది. అంతకు ముందు ధ్రువం చేరామన్న కుక్, పియరీ, బైర్డ్‌ల మాటల మీద అనుమానాలు ఉన్నాయి. నోర్జె ప్రయాణం మీద ఎవరికీ అనుమానం లేదు.

ఆ ఘనత ఎవరిది అన్న విషయంలో అముండ్సెన్, నోబిలే గొడవపడ్డారు. మాటలు పత్రికలకెక్కాయి. ఇద్దరి స్నేహం చెడింది.

చివరి ప్రయాణం

1928 మేలో నోబిలే ఇటాలియా అనే మరో వాయునౌకలో ధ్రువానికి వెళ్లి, తిరిగి వస్తుండగా 25న మంచు మీద కూలిపోయాడు. వార్త అందేసరికి అముండ్సెన్ ఒక విందులో ఉన్నాడు. సాయానికి వెళ్తారా అని అడిగితే, క్షణం ఆలోచించకుండా సిద్ధమన్నాడు. తనతో బద్ధ విరోధం ఉన్న మనిషి కోసం! ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప గుణం కనిపించింది ఆ ఒక్క జవాబులోనే.

ఫ్రాన్స్ ప్రభుత్వం లాథం 47 అనే విమానాన్ని ఇచ్చింది. 1928 జూన్ 18 సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో నార్వేలోని ట్రోమ్సో నుంచి అది నీటి మీంచి లేచింది. లోపల అముండ్సెన్, ఆయన పాత సహచరుడు డీట్రిక్‌సన్, ఫ్రెంచ్ పైలట్ గిల్బో, మరో ముగ్గురు. ఈసారి రేడియో ఉంది. దాన్ని నడిపే మనిషీ ఉన్నాడు. సుమారు మూడు గంటల తర్వాత దాని సంకేతం చివరిసారి అందింది. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఇక్కడే అసలు విషాదం. కింగ్స్ బేకి వెళ్లి అక్కడి నుంచి వెతుకుతారా, లేక నేరుగా నోబిలే ఉన్న మంచు మీదికే వెళ్తారా అన్నది నేల మీది వాళ్లకు స్పష్టంగా తెలియదు. కింగ్స్ బేకి చేరకపోతే, నేరుగా వెళ్లి ఉంటారులే అనుకున్నారు. అముండ్సెన్ కదా, ఎక్కడో మంచు మీద క్షేమంగానే ఉంటాడు, మునుపటిలాగే తిరిగొస్తాడు అన్న నమ్మకం కూడా తోడైంది. అలా విలువైన రోజులు గడిచిపోయాయి.

ఆగస్టు 31న ఒక చేపల పడవకు విమానం రెక్క కింది తేలుడు పెట్టె దొరికింది. తర్వాత ఒక ఇంధన ట్యాంకు దొరికింది. మనుషులు దొరకలేదు. 2009లో నార్వే నౌకాదళం సముద్రం అడుగున ఆధునిక యంత్రాలతో వెతికినా విమానం జాడ తెలియలేదు. 1928 డిసెంబర్ 14న, దక్షిణ ధ్రువం చేరిన రోజునే, నార్వే దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించింది. తన 150 మంచు దిమ్మెల్లోనూ దారి రాసిపెట్టిన మనిషి, చివరికి తానెక్కడున్నదీ చెప్పలేకుండా పోయాడు.

విన్నవాడు ఒక కుర్రాడు

మరి నోబిలే? ఆయన బతికాడు. కూలినప్పుడు మంచు మీద పడిన సామానులో ఒక చిన్న అత్యవసర రేడియో ఉంది. బియాజీ అనే ఆపరేటర్ దాన్ని నిలబెట్టి రోజూ సాయం కోసం సంకేతాలు పంపాడు. పైనుంచి కనిపించాలని గుడారానికి ఎర్ర రంగు పూశారు. దగ్గరలోనే, కింగ్స్ బేలో, వాళ్ల సొంత సహాయక ఓడ ఉంది. కానీ దాని రేడియో సిబ్బంది ఇతర సందేశాలు పంపే హడావుడిలో ఉండి ఆ బలహీనమైన పిలుపును పట్టుకోలేకపోయారు.

దాన్ని జూన్ 3న విన్నది నికొలాయ్ ష్మిట్ అనే రష్యా యువకుడు. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒక పల్లెలో, సొంతంగా తయారు చేసుకున్న రేడియో ముందు కూర్చుని విన్నాడు. అతను పై అధికారులకు తెలియజేయడంతో వెతుకులాటకు దిశ దొరికింది. మొదట నోబిలేను స్వీడన్ పైలట్ ఒకరు విమానంలో తీసుకొచ్చాడు. జులై 12న సోవియట్ మంచు కోత ఓడ క్రాసిన్ మిగిలినవాళ్లను చేరింది.

కబురు పంపడం సగం పనే. వినేవాళ్లు ఉండటం మిగతా సగం.

ఈ రోజు ఆకాశంలో

అముండ్సెన్ మాయమైన సముద్రం మీది ఆకాశాన్ని ఇప్పుడు నార్వేలోని బోడో కేంద్రం చూసుకుంటుంది. ప్రపంచమంతటా ఒకే రకం నియమాలు ఉన్నాయి. అవి ఒక్క ప్రమాదంతో పుట్టినవి కావు. ఇలాంటి ఎన్నో ప్రాణాల ఖరీదుతో వచ్చినవి.

విమానం ఎగిరే ముందు ఇచ్చే ఫ్లైట్ ప్లాన్‌లో దారి, వేగం, ఎత్తుతో పాటు, గమ్యంలో దిగలేకపోతే దిగే మరో విమానాశ్రయం పేరు కూడా ఉంటుంది. ఇంధనం ఎన్ని గంటలకు సరిపోతుంది, లోపల ఎంతమంది ఉన్నారు, అత్యవసర రేడియో ఉందా, మంచు ప్రాంతంలో బతకడానికి సామగ్రి ఉందా, రబ్బరు పడవల పైకప్పు రంగు ఏమిటి అన్నవి కూడా నమోదవుతాయి. పడవ రంగు ఎందుకంటే, ఆ ఎర్ర గుడారం గుర్తు తెచ్చుకోండి.

దారిలో పంపే పొజిషన్ రిపోర్టులో విమానం పేరు, ఉన్న చోటు, సమయం, ఎత్తు, తర్వాతి చోటు, అక్కడికి చేరే సమయం ఉంటాయి. ఒకప్పుడు పైలట్ రేడియోలో చెప్పేవాడు. ఇప్పుడు చాలా విమానాలు ఉపగ్రహాల ద్వారా వాటంతట అవే పంపుతాయి. కెనడా ఉత్తర భాగంలో అయస్కాంత ఉత్తరాన్ని కాకుండా అసలు ఉత్తరాన్నే లెక్కలోకి తీసుకుంటారు. రావాల్సిన కబురు 30 నిమిషాలు దాటినా రాకపోతే, ఆ విమానం విషయంలో మొదటి దశ హెచ్చరిక అమలవుతుంది. ఆ పైలట్ ఎంత అనుభవజ్ఞుడన్నది ఎవరూ చూడరు. వచ్చేస్తాడులే అని ఎవరూ ఊరుకోరు.

మన ఇంట్లో

మన తెలుగు ఇళ్లలో గడప దాటేటప్పుడు వెళ్తాను అనరు, వెళ్లొస్తాను అంటారు. తిరిగి వస్తానన్న మాట అందులోనే ఉంది. ఆ ఒక్క మాటకు ఇంకొన్ని కలిపితే మన ఇంటి ఫ్లైట్ ప్లాన్ సిద్ధమైనట్టే. ఈ నెల పిల్లలతో కలిసి ఇవి ప్రయత్నించండి.

• ట్యూషన్‌కైనా, స్నేహితుల ఇంటికైనా వెళ్లేముందు మూడు విషయాలు చెప్పించండి: ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగి రావడం.

• దారి మారితే ముందు కబురు, తర్వాతే ప్రయాణం. ప్లాన్ మారడం తప్పు కాదు. చెప్పకుండా మార్చడమే ప్రమాదం.

• ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి. ఇద్దరి ఫోన్ నంబర్లయినా పిల్లలకు నోటికి వచ్చి ఉండాలి.

• పెద్దలూ అదే పాటించాలి. ఆఫీసు నుంచి ఆలస్యమైతే ఇంటికి కబురు పెట్టే నాన్నను చూసే పిల్లలు నేర్చుకుంటారు.

• అట్లాస్‌లో స్వాల్బార్డ్, ట్రోమ్సో, టెల్లర్ వెతికి, నోర్జె ప్రయాణించిన గీతను పిల్లల చేత గీయించండి. గ్లోబు ఉంటే దాని మీద దారం పెట్టి, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు దగ్గర దారి ఎటు పోతుందో చూపించండి.

చివరిగా ఒక్క మాట, ఇది మనకే. పిల్లలు ఏ రోజూ మంచి కబుర్లే చెప్పరు. మార్కులు తగ్గాయని, ఎవరో ఏడిపించారని, తప్పు చేశానని చెప్పే రోజులు వస్తాయి. అది కూడా తానెక్కడున్నాడో తెలియజేసే కబురే. మనం ఫోన్ చూసుకుంటూనో, కేకలు వేస్తూనో ఉంటే, బలహీనమైన ఆ గొంతు మనకు వినిపించదు. రెండుసార్లు వినకపోతే మూడోసారి ఆ కబురు రాకపోవచ్చు. దగ్గరున్న ఓడ వినలేదు. ఎక్కడో పల్లెటూరి కుర్రాడు విన్నాడు. మన పిల్లల మాట ముందుగా వినేది మనమే కావాలి.

ఈ రాత్రి భోజనాల దగ్గర అముండ్సెన్ కథ చెప్పండి. చెప్పాక, ఈ రోజు నీకెలా గడిచిందని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.